పక్కింటి బామ్మగారి పెకాన్ టాసీలు: చీటీలో ఉన్నట్టే చేశా, పిండి చేతికి అంటుకుపోతోంది. సాయం!

మామిడితాండ్ర (అట్లాంటా దగ్గర)
శుక్రవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఇదే మొదటిసారి రాయడం.

మా పక్కింట్లో ఎనభై దాటిన బామ్మగారు ఒకావిడ ఉంటారు. జార్జియాలోనే పుట్టి పెరిగిన మనిషి. ప్రతి డిసెంబరులోనూ మాకో రేకు డబ్బా పంపిస్తారు. అందులో పెకాన్ టాసీలని చిట్టి చిట్టి టార్టులు. తినని వాళ్ళ కోసం చెప్తున్నా: నిమ్మకాయ అడ్డంగా కోస్తే ఎంత చిప్ప వస్తుందో అంత గిన్నె, గుల్లగా ఉండే పిండితో. అందులో పాకంలాంటి ముద్ద, పైన పెకాన్ (అక్రోటు లాంటి పప్పు) పలుకులు. నోట్లో ఒకటి పడేసుకుంటే సరి, కొరికే పని లేదు.

ఈ ఏడాది ఆవిడకి చేతులు వణుకుతున్నాయట. వాళ్ళ అమ్మగారు రాసుకున్న చీటీ తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు చెయ్యి, నాకో నాలుగు పంపించు చాలు" అన్నారు. చీటీలో ఉన్నది ఇంతే:

ఒక ప్యాకెట్ క్రీమ్ చీజ్. ఒక స్టిక్ (సుమారు 113 గ్రాముల దిమ్మ) ఓలియో. ఒక కప్పు మైదా. లోపలికి ఒక గుడ్డు, ముప్పావు కప్పు బ్రౌన్ షుగర్, ఒక పెద్ద చెంచా ఓలియో, వెనిలా, చిటికెడు ఉప్పు, పేపర్‌షెల్ పెకాన్లు. స్లో ఓవెన్‌లో అయ్యేదాకా.

అక్షరం పొల్లుపోకుండా చేశా. ఓలియో అంటే ఏంటని అడిగితే వెన్నలాంటిదే అన్నారు కాబట్టి వెన్న వేశా. పిండి గమ్‌లా వేళ్ళకి అంటుకుపోయింది. ఇంకో కప్పు మైదా కలిపితే చపాతీ పిండిలా సాగడం మొదలెట్టింది. ఓవెన్‌లో పెట్టాక గిన్నెలు ఉబ్బి మూసుకుపోయాయి, లోపలిది పొంగి ట్రే అంతా కారి రాయిలా గట్టిపడింది. మా ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చారు. ఇంతకంటే చెప్పను.

వచ్చే శనివారం మా వీధిలో కుకీల మార్పిడి ఉంది, తలా నాలుగు డజన్లు తేవాలి. టాసీలు తెస్తానని ముందే చెప్పేశా. ఎక్కడ తప్పింది?

డాలస్ బావ
శుక్రవారం, రాత్రి 11:05

స్క్రూడ్రైవర్ అన్నయ్యగారికి నా ప్రగాఢ సానుభూతి.

వంట సంగతి పెద్దలు చెప్తారు. నేను రాష్ట్రం పరువు కోసం వచ్చా. పెకాన్ అనగానే అందరూ జార్జియా అంటారు, పంట ఎక్కువే, కాదనను. కానీ ఆ చెట్టు 1919 నుంచి టెక్సాస్ రాష్ట్ర వృక్షం. మా ఇంటి వెనక వాగు పక్కన ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. ఇంకోటి, మీ వైపు దాన్ని "పీ-క్యాన్" అంటారు కదా? మా వైపు "పికాన్". ఇక్కడి మా ఆఫీసులో ఈ ఒక్క విషయం మీద పొద్దుటి కాఫీ మొత్తం అయిపోతుంది.

పాలకొల్లు పిల్ల (ప్రస్తుతం హైదరాబాద్)
శనివారం, ఉదయం 11:15

ఓలియో అంటే ఆలివ్ నూనెకి ముద్దుపేరు అనుకున్నా అక్కా! వెన్నలాంటిది అంటే మరి వెన్నే రాయొచ్చుగా.

చీటీలో "అయ్యేదాకా" చదివి నవ్వుకున్నా. మా అమ్మ కూడా ఇంతే. అరిసెల పాకం ఎంతసేపు అంటే "వచ్చేదాకా", నెయ్యి ఎంత అంటే "తగినంత". సముద్రాలు దాటినా అమ్మలందరూ ఒకే బడిలో చదివారన్నమాట.

వంటింటి శాస్త్రి (విజయవాడ)
శనివారం, మధ్యాహ్నం 1:30

అమ్మా మామిడితాండ్రా, తప్పు నీది కాదు, ప్యాకెట్‌ది. నీ దగ్గరున్న క్రీమ్ చీజ్ ప్యాకెట్ మీద ఎంత బరువు రాసుంది? 8 ఔన్సులేనా?

ఆ చీటీ రాసిన రోజుల్లో అమెరికాలో 3 ఔన్సుల చిన్న ప్యాకెట్ మామూలుగా దొరికేది. పాత వంటల చీటీల్లో ఉత్తినే "ఒక ప్యాకెట్" అని ఉంటే చాలాసార్లు ఆ చిన్నదే. అంటే 85 గ్రాములు. నువ్వు వేసింది 227 గ్రాములు. రెండున్నర రెట్ల పైమాటే.

ఇప్పుడు లెక్క చూడు. అక్కడి నిబంధన ప్రకారం క్రీమ్ చీజ్‌లో కొవ్వు కనీసం 33 శాతం ఉండాలి, తేమ 55 శాతం దాటకూడదు. సగానికి పైగా నీళ్ళే అనుకో. 85 గ్రాముల్లో సుమారు 45 గ్రాముల నీరు వస్తుంది. నీ 227 గ్రాముల్లో 120 గ్రాముల పైనే వచ్చింది. ఒక కప్పు మైదా బరువే 125 గ్రాములు! పిండికి దాదాపు సరిసమానంగా నీళ్ళు పోసినట్టయింది, అంటుకోక ఏం చేస్తుంది? దాని మీద ఇంకో కప్పు మైదా వేసి కలిపావు. నీళ్ళు, మైదా, నలపడం, మూడూ కలిస్తే మైదాలో గ్లూటెన్ అనే జిగురు సాగుతుంది. పరోటాకి అది కావాలి, దీనికి అస్సలు పనికిరాదు. గిన్నెలు ఉబ్బడానికీ ఆ తేమే కారణం, వేడికి ఆవిరై పైకి తన్నింది.

ఇక ఓలియో. ఒలియోమార్గరిన్‌ని కుదించి అలా పిలిచేవాళ్ళు, అంటే మార్గరిన్. 1869లో ఫ్రాన్సులో పుట్టింది. మన డాల్డాకి దూరపు చుట్టం అనుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వెన్నకి రేషన్ పెట్టినప్పుడు అమెరికా వంటిళ్ళలో బాగా పాతుకుపోయింది. పాడి రైతుల ఒత్తిడి వల్ల చాలాకాలం దానిమీద పన్నులు వేశారు, పసుపు రంగు వేసి అమ్మితే ఇంకా ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం పన్ను ఎత్తేసింది 1950లో. అందాకా తెల్లటి దిమ్మ కొనుక్కుని, దాంతోపాటు ఇచ్చే రంగు ఇంట్లో కలుపుకునేవారట. నువ్వు వెన్న వెయ్యడంలో తప్పేమీ లేదు, రుచి ఇంకా బాగుంటుంది.

స్లో ఓవెన్ అంటే 300 నుంచి 325 ఫారన్‌హీట్. నువ్వు ఎంతలో పెట్టావు?

మామిడితాండ్ర
శనివారం, ఉదయం 9:10 (అట్లాంటా)

శాస్త్రిగారూ, మీకు శతకోటి దండాలు! చెత్తబుట్టలోంచి అట్టపెట్టె తీసి చూశా. 8 ఔన్సులే.

ఓవెన్ 375లో పెట్టా. స్లో అంటే నిదానంగా చూసుకుంటూ ఉండమని అనుకున్నా. నవ్వకండి.

డాలస్ బావ

నవ్వడం లేదు. మా ఇంట్లో ఎవరో పక్కనుంచి నవ్వుతున్నారు.

గుడ్డు వద్దు (మదనపల్లె)
శనివారం, రాత్రి 8:20

మంచి చర్చ. మా ఇంట్లో గుడ్డు తినరు, అందుకే ఈ పేరు. గుడ్డు లేకుండా లోపలి ముద్ద గట్టిపడుతుందా? పాలు, బెల్లం కలిపి కాచి పోస్తే ఎలా ఉంటుందని ఇవాళ ప్రయత్నించా. విరిగిపోయింది. పిల్లలకి విరుగుడు తాగించి పంపేశా.

వంటింటి శాస్త్రి
శనివారం, రాత్రి 9:00

బెల్లానికి కొంచెం పులుపు గుణం ఉంటుంది, పాలలో వేసి మరిగిస్తే విరుగుతుంది. పరమాన్నంలో కూడా పొయ్యి కట్టేశాకే బెల్లం వెయ్యమంటారు అందుకే. గుడ్డు చేసే పని ఇక్కడ ఒకటే, వేడికి గడ్డకట్టి పాకాన్ని పట్టి ఉంచడం. ఆ పని కార్న్‌ఫ్లోర్ చేస్తుంది, లేదా కండెన్స్‌డ్ మిల్క్ చేస్తుంది. నేను చెయ్యలేదు. చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కొలత చెప్పండి.

సీమ వంటలు (బెంగళూరు)
ఆదివారం, ఉదయం 6:50

నేను చేశాను. ఖాళీ గిన్నెలని ముందు 15 నిమిషాలు విడిగా బేక్ చేసి పెట్టుకోవాలి. ఉబ్బకుండా ఫోర్కుతో అడుగున నాలుగు పోట్లు పొడవాలి. సగం టిన్ను కండెన్స్‌డ్ మిల్క్, రెండు చెంచాల బ్రౌన్ షుగర్, ఒక చెంచా వెన్న, చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి సన్నమంట మీద అడుగంటకుండా తిప్పుతూ ఉంటే పాలకోవాకి ముందు దశలో ఉంటుంది చూడండి, అక్కడ దించెయ్యాలి. పప్పు కలిపి గిన్నెల్లో నింపి మళ్ళీ 8–10 నిమిషాలు ఓవెన్‌లో పెట్టాలి. నిజం చెప్పాలంటే ఇది టాసీ కాదు, వేరే మిఠాయి. గుడ్డు వేసిన దాంట్లో పైన పల్చటి కరకరలాడే పొర వస్తుంది, ఇందులో రాదు. బాగుంటుందా అంటే బాగుంటుంది.

మామిడితాండ్ర
ఆదివారం, మధ్యాహ్నం

రెండో విడత అయింది. 3 ఔన్సులే తూచి వేశా. పిండి ఎంత బాగా వచ్చిందో! వెన్న, క్రీమ్ చీజ్ రెండూ మెత్తబడ్డాక కలిపి, మైదా వేసి, ముద్ద కాగానే చెయ్యి తీసేశా. గంట ఫ్రిజ్‌లో పెట్టి, 24 ఉండలు చేశా. వంటింటి తూకం మీద ఒక్కోటి 13 గ్రాములు వచ్చింది.

గిన్నె ఆకారం బొటనవేలితో నొక్కితే గోరు గుచ్చుకుని చిల్లులు పడుతున్నాయి. ఇక్కడ దీనికోసం చిన్న చెక్క గూటం లాంటిది అమ్ముతారు, నా దగ్గర లేదు. పప్పుగుత్తి తిరగేసి, పిడికి మైదా అద్ది నొక్కా. ఒక్క నొక్కుకి గిన్నె తయార్. అత్తగారు సూట్‌కేసులో పెట్టి పంపిన పప్పుగుత్తి, ఎనిమిదేళ్ళలో మొదటిసారి ట్రే ఎక్కింది.

325లో 25 నిమిషాలు. గిన్నెలు బ్రహ్మాండం. కానీ లోపలిది మళ్ళీ పొంగి అంచులు దాటింది, సగం విరిగాకే ఊడొచ్చాయి. పెకాన్లన్నీ పైకి తేలిపోయి అడుగున ఉత్త పాకమే మిగిలింది. ఇప్పుడేం చెయ్యాలి?

పాత ఓవెన్ (న్యూజెర్సీ)
ఆదివారం, సాయంత్రం

ఇరవై ఏళ్ళుగా క్రిస్మస్‌కి చేస్తున్నా, మా ఆఫీసులో నేర్పించారు. నాలుగు మాటలు చెప్తా.

ముప్పావు వంతుకి మించి నింపకండి. ఒక్కో గిన్నెకి ఒక చిన్న చెంచా పాకం, ఇంకొంచెం. మిగిలిపోతోందని పోసేస్తే అది మిగలదు, ట్రే మీద మిగులుతుంది. గుడ్డుని నురగ వచ్చేలా గిలక్కొట్టకండి, గాలి చేరి పొంగేది అందుకే. ఫోర్కుతో కలిస్తే చాలు.

పప్పు సగం ముందు అడుగున వెయ్యండి, దానిమీద పాకం, పైన మిగతా సగం. మొత్తం ముప్పావు కప్పు లోపే పడుతుంది. పెసరపప్పంత పొడి చెయ్యొద్దు, శనగపప్పంత పలుకులు ఉండాలి. ఇందులో గట్టి నమ్మకం ఉంది నాకు, పొడి చేస్తే ముద్దగా బురదలా ఉంటుంది.

ట్రేలోంచి తీసే టైము అన్నిటికన్నా ముఖ్యం. ఓవెన్‌లోంచి తీయగానే పట్టుకుంటే విరుగుతాయి, చల్లారాక పట్టుకుంటే పాకం గట్టిపడి వదలదు. ఐదు, పది నిమిషాల మధ్య సన్నటి చాకు మొనతో అంచు చుట్టూ ఒక్క తిప్పు తిప్పి ఎత్తెయ్యాలి. ఫోన్ వచ్చినా ఎత్తొద్దు.

ఇంకోటి, మీ ట్రే నల్లదా, వెండి రంగుదా? నల్లదైతే అడుగు తొందరగా మాడుతుంది, 3, 4 నిమిషాలు ముందే చూడండి.

డాలస్ బావ
ఆదివారం, రాత్రి

పాకంలో ఒక చెంచా బర్బన్ విస్కీ వెయ్యండి చెల్లెమ్మా. ఇక్కడ మా టీమ్ లీడ్ వాళ్ళావిడ వేస్తుంది. పెకాన్‌కి, బర్బన్‌కి ఉన్న స్నేహం మన ఆవకాయకి, వెన్నకి ఉన్నట్టు.

మామిడితాండ్ర

అన్నయ్యా, మా బామ్మగారు ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. వాళ్ళ ఇంట్లో వైన్ కూడా చూడలేదు నేను. వాళ్ళ అమ్మగారి వంటలో సారా పోస్తే నన్ను గడప తొక్కనివ్వరు.

పలాస జీడి
సోమవారం, ఉదయం 8:00

పెకాన్లు, పెకాన్లు అని ఊరించేస్తున్నారు. మాకిక్కడ దొరకవు. జీడిపప్పుతో చేసి ఫలితం చెప్తున్నా. మా ఊళ్ళో జీడిపప్పుకి కరువేముంది, ఇంటి ఎదురుగానే కాల్చి ఒలిచే బట్టీ. బద్దలుగా విరిగినవి చవక, దీనికి అవే మేలు. బ్రౌన్ షుగర్ బదులు అనకాపల్లి బెల్లం తురిమి వేశా, గుడ్డు వేశా. రంగు బాగా ముదురు వచ్చింది. రుచి తెలిసిన రుచే! జీడిపప్పు పాకాన్ని గిన్నెలో పెట్టి ఇచ్చినట్టుంది. మా నాన్నగారు తిని, "పాకం బాగుంది గానీ ఈ మట్టి మూకుడు ఎందుకురా" అన్నారు. పిండి ఇంకా నాకు కుదరలేదులెండి.

శాస్త్రిగారూ, బెల్లం వేస్తే కొలత మారుతుందా?

వంటింటి శాస్త్రి
సోమవారం, ఉదయం 10:15

బ్రౌన్ షుగర్ అంటే చాలావరకు తెల్ల పంచదారకి మళ్ళీ మొలాసిస్ (చెరకు మడ్డి) పట్టించినదే. బెల్లంలో ఆ మొలాసిస్ తియ్యకుండానే ఉంటుంది. కాబట్టి గుణం దగ్గరదే. బరువుకి బరువు వెయ్యి, ముప్పావు కప్పు అంటే 150 గ్రాముల పైన. కాకపోతే మెత్తటి బెల్లంలో తేమ ఎక్కువ, ఒక ఐదు నిమిషాలు అదనంగా బేక్ అవ్వాలి. ఇసుక, నలకలు ఉంటాయి, కాస్త వెన్నతో కరిగించి వడకట్టుకో. వేడిగా ఉండగానే గుడ్డు కొట్టావో, ఆమ్లెట్ అవుతుంది.

మీ నాన్నగారి మాట నాకు నచ్చింది.

కరీంనగర్ కోడలు
సోమవారం, మధ్యాహ్నం 2:30

మా దగ్గర చిన్న మఫిన్ ట్రే లేదు, ఆన్‌లైన్‌లో ధర చూసి మూసేశా. గుంత పొంగనాల పెనం ఉంది కదా అనిపించింది. ఇనుపది, పిడి కూడా ఇనుపదే, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) సరిపోయింది. చెక్క పిడి, ప్లాస్టిక్ పిడి ఉన్నవి, నాన్‌స్టిక్‌వి పెట్టకండమ్మా.

మొదటి వాయి అడుగు మాడింది. ఇనుము వేడిని పట్టుకుంటది కదా. రెండో వాయికి పెనాన్ని కింది రాడ్డుకి దూరంగా, పై అరలో పెట్టి, వేడి 160 సెల్సియస్‌కి తగ్గించినా. అప్పుడు బాగొచ్చినయి. గుంత అడుగు గుండ్రం కాబట్టి ప్లేటులో నిలబడవు, పక్కకి దొర్లుతయి. పిల్లలకి అదే ఆట అయింది.

మా అత్తమ్మ చూసి, "ఇవి గర్జెలే గదా, నోరు తెరిచినయి" అన్నది. మీ ఆంధ్రా వాళ్ళ కజ్జికాయలు అనుకోండి. నాకూ నిజమే అనిపించింది, కొబ్బరి బదులు బాదం, జీడిపప్పు, నూనె బదులు ఓవెన్.

పాలకొల్లు పిల్ల
సోమవారం, సాయంత్రం

నోరు తెరిచిన కజ్జికాయ! ఇక టాసీ అనను.

క్రీమ్ చీజ్ సంగతి. ఇక్కడ దొరుకుతుంది గానీ ఖరీదు. గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీసిన పెరుగు అంతే బరువు వేస్తే సరిపోతుందని ఎక్కడో చూసి చేశా. సరిపోలేదు. కొవ్వు తక్కువ, నీళ్ళు ఇంకా ఉన్నాయి, గిన్నెలు బన్నుల్లా వచ్చాయి. రెండోసారి పెరుగు రెండు పెద్ద చెంచాలకి తగ్గించా, వెన్న 100 గ్రాములు, మైదా 125. ఇది బాగుంది. క్రీమ్ చీజ్‌లో వచ్చే చిరుపులుపు కూడా కొంచెం వచ్చింది. మనకి దొరికే పసుపు రంగు వెన్నలో ఉప్పు ఉంటుంది, విడిగా ఉప్పు వెయ్యక్కర్లేదు, నేను వేసి నాలుక కరుచుకున్నా.

పెకాన్లు బేగంబజారులో అడిగా. ఉన్నాయి, కానీ అక్రోట్లకన్నా బాగా ప్రియం. అక్రోట్లతోనే చేశా. కొంచెం వగరు వస్తుంది, వేయించి తొక్క రుద్దేస్తే తగ్గుతుంది.

నిర్వాహకులు
సోమవారం, రాత్రి

చర్చ చాలా బాగుంది, ఒక్క జాగ్రత్త. అమెరికాలో ఉన్నవాళ్ళు బడికి, పిల్లల పార్టీలకి ఇవి పంపేముందు తప్పకుండా అడగండి. పెకాన్, వాల్‌నట్ ఒకే కుటుంబం చెట్లు, ఒకటి పడనివాళ్ళకి రెండోది కూడా తరచూ పడదు. డబ్బా మీద ఏ పప్పు వేశారో పెద్ద అక్షరాలతో రాయండి.

పీ-క్యానా, పికానా అన్న గొడవకి వచ్చిన పదకొండు సమాధానాలని విడిగా ఇంకో చర్చలోకి మార్చాం. అక్కడ కొట్టుకోండి.

పాలకొల్లు పిల్ల

ఇంతకీ చీటీలో "పేపర్‌షెల్" అని ఉందే, అదేంటి? కాగితమా?

డాలస్ బావ
మంగళవారం, ఉదయం

దీనికి నేను సీరియస్‌గానే చెప్తా, ఎందుకంటే ఇది చాలామందికి తెలీదు.

అడవి పెకాన్ల పెంకు గట్టిది. పెకాన్ అనే మాటే ఇక్కడి ఆదివాసుల అల్గాంకియన్ భాషల నుంచి వచ్చింది, రాయితో పగలగొట్టాల్సిన కాయ అని అర్థం. చేత్తో నొక్కితే చిట్లేంత పల్చటి పెంకు ఉన్న రకాలే పేపర్‌షెల్. మంచి కాయ కాసే చెట్టు దొరికినా, దాని విత్తనం నాటితే అదే రకం కాయ వస్తుందని నమ్మకం లేదు. మన మామిడి లాగే. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు కదా, అంటు కట్టాలి. పెకాన్‌కి అంటు కట్టడం చాలాకాలం ఎవరికీ కుదరలేదు.

దాన్ని బాగా కుదిర్చినవాడు ఆంట్వాన్ అనే తోటమాలి. లూసియానాలో ఓక్ ఆలీ అనే తోట, అక్కడ బానిస. 1840ల్లో 16 చెట్లకి అంటు కట్టాడు. ఆ రకం కాయలే 1876లో ఫిలడెల్ఫియా శతజయంతి ప్రదర్శనలో బహుమతి గెలిచాయి, దాంతో సెంటెన్నియల్ అని పేరు పెట్టారు. కట్టినవాడి ఇంటిపేరు కూడా ఎక్కడా రాసి లేదు, ఆంట్వాన్, అంతే. ఇవాళ తోటల్లో ఉన్న అంటు పెకాన్లన్నీ ఆ పని దగ్గరే మొదలు.

మన చెల్లెమ్మ చీటీలో పేపర్‌షెల్ అని ప్రత్యేకంగా రాశారంటే, వాళ్ళ పెరట్లోనో, పక్కనో అంటుచెట్టు ఉండే ఉంటుంది. అడవి కాయలు ఒలిచేటప్పుడు పెంకు ముక్కలు, లోపలి చేదు పొర పప్పులో కలిసిపోతాయి.

వంటింటి శాస్త్రి

డాలస్ అబ్బాయీ, ఇలాంటివి తెలిసి ఉండి ఇన్నాళ్ళూ జోకులతో సరిపెట్టావా?

పాత ఓవెన్
మంగళవారం

పెకాన్లలో నూనె ఎక్కువ కాబట్టి బయట ఉంచితే కొన్నాళ్ళకి కనరు వాసన వస్తుంది. ఇండియా తీసుకెళ్ళేవాళ్ళు దిగగానే ఫ్రీజర్‌లో పెట్టించండి. మా అమ్మ భద్రంగా ఉండాలని స్టీలు డబ్బాలో పోసి అటక మీద పెట్టింది, ఆరు నెలల తర్వాత నేను వెళ్ళినప్పుడు వాటితోనే నాకు పాయసం చేసింది. ఏం చెప్పను, తాగాను.

మామిడితాండ్ర
శనివారం, రాత్రి 11:50

అందరికీ రిపోర్టు. మూడింతల కొలతలు వేసి 72 చేశా, 71 దక్కాయి. ఒకటి మా ఆయన "పరీక్షించారు". పాత ఓవెన్ గారు చెప్పినట్టు సగం పెకాన్లు అడుగున, ముప్పావు వరకే పాకం, ఏడో నిమిషంలో చాకు. ఒక్కటి కూడా అంటుకోలేదు. స్క్రూడ్రైవర్ దాని పెట్టెలోకి అది వెళ్ళిపోయింది.

మార్పిడికి వెళ్ళేముందు బామ్మగారికి ఆరు పట్టుకెళ్ళా. ఆవిడ ఒకటి తీసి ముందు తిరగేసి అడుగు చూశారు. మా అమ్మమ్మ అట్టుని అలాగే తిరగేసి చూసేది. తర్వాత ఏమీ మాట్లాడకుండా రెండు తిన్నారు. "వెన్న వేశావు కదూ, మా అమ్మ వెన్న అంత దండగ చేసేది కాదు" అన్నారు. అది మెచ్చుకోవడమేనని వాళ్ళమ్మాయి నాకు తర్వాత చెప్పింది.

ప్యాకెట్ కథ చెప్తే ఒకటే నవ్వు. "మా అమ్మ అసలు ఈ కొలతలు ఏదో డబ్బా మీద చూసి రాసుకుంది" అన్నారు! నేనేమో మూడు తరాల రహస్యం పాడుచేశానని వారం రోజులు టెన్షన్ పడ్డా. "మరి మీ ఇంటిది అని ఎందుకంటారు?" అని అడిగా. గొంతు తగ్గించి, "డబ్బా మీద లేనిది ఒకటి ఉందిగా" అని వంటింట్లోకి తీసుకెళ్ళారు. పై అరలో వెనిలా సీసా పక్కన అచ్చం అలాంటిదే ఇంకో సీసా. మూత తీసి వాసన చూడమన్నారు.

డాలస్ అన్నయ్యా, బర్బన్. "చర్చిలో ఎవరికీ చెప్పకు, నలభై ఏళ్ళుగా తింటున్నారు" అన్నారు.

డాలస్ బావ
శనివారం, రాత్రి 11:52

నేనేం అనను. నేను ఏమీ అనను. ఇది స్క్రీన్‌షాట్ తీసి ఫ్రేము కట్టిస్తున్నా.

కరీంనగర్ కోడలు

నలభై ఏండ్లు! మా అత్తమ్మకి ఈ ముక్క చదివి వినిపించినా, కుర్చీలోంచి లేవలేకుండా నవ్వుతున్నది.

గుడ్డు వద్దు
ఆదివారం, ఉదయం

ఇప్పుడు నేను గుడ్డుతో పాటు ఇంకోటి కూడా వద్దనాలి, పేరు మార్చుకోవాలేమో. సీమ వంటలు గారి పద్ధతిలో చేశా, పిల్లలకి బాగా నచ్చాయి. మీకు ధన్యవాదాలు అండి.

పాలకొల్లు పిల్ల
ఆదివారం, ఉదయం 11:05

అక్కా, అసలు సంగతి చెప్పలేదు. ఆ సీసాలోది ఎంత వెయ్యాలట? చిన్న చెంచానా, పెద్ద చెంచానా?

మామిడితాండ్ర
ఆదివారం, ఉదయం

అడిగాను. "తగినంత" అన్నారు.